బైబిలు పఠనము: మాట యెవరిది?

పెక్కు క్రైస్తవ గృహములలో గోడపటముపై యోబు గ్రంథములోని యొక వాక్యము కనబడుచుండును. ఆరంభము స్వల్పమైనను తుదకు గొప్ప అభివృద్ధి కలుగునని దాని భావము. మాట మంచిదే. కాని యది యెవరు, ఎవరితో, ఎట్టి సమయమున పలికినదో విచారించువారు కొలదిమంది.

గ్రంథము విప్పి చూతము. యోబు నీతిమంతుడు. ఒక్క దినముననే సంపదను, పదిమంది బిడ్డలను కోల్పోయెను; పిమ్మట దేహమెల్ల వ్రణములు కాగా బూడిదలో కూర్చుండెను. పరామర్శింప వచ్చిన మువ్వురు మిత్రులలో బిల్దదు ఒకడు. ఎనిమిదవ అధ్యాయమున అతడు, బిడ్డలు చేసిన పాపమే వారిని హరించెనని సూచించును. నీవు పవిత్రుడవైనచో మరల మేలు కలుగునని చెప్పును. గోడపటములోని వాక్యము ఆ ప్రసంగములోనిదే. పుత్రశోకమున నున్న తండ్రికి అది ఓదార్పో, అభియోగమో పాఠకుడే యోచింపవలెను.

కథ అంతటితో ముగియలేదు. కడపటిదగు నలువది రెండవ అధ్యాయమున దేవుడు, ఆ మిత్రులు తన్ను గూర్చి యుక్తముగా పలుకలేదని కోపించును. యోబునకు మాత్రము మునుపటికంటె మేలైన స్థితి కలుగును. బిల్దదు చెప్పిన ఫలము కలిగినది. అతడు మోపిన నేరము మాత్రము నిలువలేదు. ఈ భేదము గ్రంథమును తుదముట్ట చదివినవానికే తెలియును.

భారతమున శకుని చెప్పిన మాటను వ్యాసుని మతమని యెవరైన ఉదాహరించినచో మనము నవ్వుదుము. బైబిలు విషయమున ఆ పొరపాటు సులభముగా జరుగును. నేటి అధ్యాయ విభాగము 13వ శతాబ్దమునాటిది. క్రొత్త నిబంధనలోని వచన సంఖ్యలు 1551లో ముద్రాపకుడు రాబర్ట్ ఎస్టియెన్ కూర్చినవి. వెదకుట కవి మేలే. కాని సంఖ్య పడిన ప్రతి వాక్యమును సూక్తివలె విడదీసి చూచు అలవాటునకు అవియే దారితీయును.

క్రొత్తగా చదువబూనినవారు చిన్న గ్రంథముతో ప్రారంభింపవచ్చును. ఫిలేమోనుకు పౌలు వ్రాసిన లేఖలో వచనములు ఇరువదియైదే. దానిని జాబువలె ఒక్కమారు తుదివరకు చదువుడు. వ్రాసినదెవరు? ఎవరికి? ఏమి కోరుచున్నాడు? విద్యార్థి వీనికి సమాధానములు తన మాటలలో వ్రాసికొని, ఆ పిమ్మట వ్యాఖ్యానమును తెరువవలెను. ఉపాధ్యాయుడు ముందుగా అర్థము చెప్పక, ఆ మాటకు ముందేమున్నది, వెనుక ఏమున్నదని అడిగిన చాలును.

గోడపటమును దింపవలసిన పనిలేదు. దాని నెదుట నిలిచినప్పుడు, బూడిదలో కూర్చున్న ఆ తండ్రినికూడ తలచుకొనవలెను. దుఃఖములో నున్న పొరుగువానికి ఆ వాక్యము వినిపింపబోవునపుడు ఆ తలంపు మనలను ఒక్కక్షణము ఆపును.