చౌమహల్లాను నిలబెట్టిన లెక్కలు

హైదరాబాద్ పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌కు ఇవాళ వెళ్లేవారికి, అది ఏళ్ల తరబడి తాళాలు పడి, పెచ్చులూడి ఉండేదంటే నమ్మబుద్ధి కాదు. ఆ మార్పు ఎలా వచ్చిందో కొన్ని అంకెల్లో చూద్దాం.

4 మహళ్లు, వందేళ్లు: నిర్మాణం 1750లో సలాబత్ జంగ్ కాలంలో మొదలైంది. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా హయాంలో, 1857-1869 మధ్య పూర్తయింది. అఫ్జల్, మహతాబ్, తహనియత్, ఆఫ్తాబ్ అనే నాలుగు మహళ్ల వల్ల ఆ పేరు వచ్చింది.

45 నుంచి 12 ఎకరాలకు: ఒకప్పుడు 45 ఎకరాల్లో ఉన్న ఆవరణలో ఇప్పుడు మిగిలింది సుమారు 12. ఏడో నిజాం 1967లో కన్నుమూశాక వారసుడైన మనవడు ముకర్రం జా ఆ తర్వాత ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. వారసుల మధ్య కోర్టు తగాదాలు నడిచాయి. అజమాయిషీ లేని భవనాలు శిథిలమవుతూ వచ్చాయి.

100 కిలోలకు 56: ఇలాంటి గోడల ప్రాణమంతా సున్నంలో ఉంది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని బట్టీలో పూర్తిగా కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, తక్కినది వాయువుగా పోతుంది. తడిపి గోడకు పూశాక అదే వాయువును గాలిలోంచి మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. గోడలోని చెమ్మ ఈ పూతలోంచి బయటికి పోగలదు. పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది, ఉప్పు పేరుకుని పూత ఊడుతుంది. పాత కట్టడానికి సిమెంటు మరమ్మతు చేటు చేసేది అందుకే.

2000 నుంచి 2005 దాకా: ముకర్రం జా మాజీ భార్య ప్రిన్సెస్ ఎస్రా పూనుకోవడంతో, ఆర్కిటెక్ట్ రాహుల్ మెహరోత్రా సాయంతో 2000 ప్రాంతంలో పునరుద్ధరణ మొదలైంది. 2005లో సందర్శకులకు తలుపులు తెరిచారు. ఖిల్వత్ దర్బారు హాలులో 19 బెల్జియం షాండ్లియర్లు మళ్లీ వెలిగాయి. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో మెరిట్ అవార్డు దక్కింది.

ఇప్పుడది టికెట్టు మీద నడిచే మ్యూజియం. రోజూ జనం తిరిగే చోట ఉరుపు కనబడితే వెంటనే ఎవరో ఒకరు పట్టించుకుంటారు. మూతపడిన చోట అదే ఉరుపు పైకప్పును కూల్చేదాకా పోతుంది. పాతబస్తీలో ఇంకా ఎదురుచూస్తున్న కట్టడాలకు రంగులేసే ముందు రెండు పనులు తేల్చాలి: వాననీరు పోయే దారి, ఆ భవనాన్ని రేపు వాడుకునేదెవరన్న నిర్ణయం.