ఆపమనే హక్కు ఎవరిది?

పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లొచ్చినవాళ్లకు ఏ, బి, సి కౌంటర్లు గుర్తుండే ఉంటాయి. ఏ కౌంటర్లో కాగితాలు స్కాన్ చేసి, ఫొటో తీసి, వేలిముద్రలు తీసుకునేది టీసీఎస్ ఉద్యోగులు. బి కౌంటర్లో ఆ కాగితాలను సరిచూసేదీ, సి కౌంటర్లో పాస్‌పోర్ట్ ఇవ్వాలో వద్దో తేల్చేదీ ప్రభుత్వ ఉద్యోగులు. సాఫ్ట్‌వేర్, టోకెన్ల ఏర్పాటు, హాలు నిర్వహణ కంపెనీ చూసుకుంటుంది. నిర్ణయం మాత్రం సర్కారుది. టోకెన్ నంబరు ఎప్పుడొస్తుందా అని తెర వైపు చూస్తూ కూర్చున్నవాళ్లకు ఇది పట్టదు గానీ, ఆ మూడు కౌంటర్ల అమరికలో పెద్ద తెలివి ఉంది. పని బయటివాళ్లకు ఇవ్వచ్చు, బాధ్యత ఇవ్వకూడదు అన్న సూత్రాన్ని అక్కడ కుర్చీలు వేసి మరీ చూపించారు. ఈ పథకానికి రూపం ఇచ్చే దశలో విదేశాంగ శాఖకు సలహాదారుగా పనిచేసింది మన హైదరాబాద్‌లో పుట్టిన ఎన్‌ఐఎస్‌జీ, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ స్మార్ట్ గవర్నమెంట్. 2008లో టీసీఎస్‌తో ఒప్పందం కుదిరింది. 2010లో కర్ణాటకలోనూ, చండీగఢ్ పరిధిలోనూ కొన్ని కేంద్రాలు పెట్టి ముందు నడిపి చూశారు. ప్రభుత్వ తనిఖీ సంస్థ ఎస్‌టీక్యూసీ పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చాకే దేశమంతా తెరిచారు. 2012 నాటికి 77 కేంద్రాలయ్యాయి.

నా ఉద్యోగం ఇలాంటి పనుల చుట్టూనే. మా అమ్మ చుట్టాలకు "గవర్నమెంటు కంప్యూటర్ల పని" అని చెప్పి ఊరుకుంటుంది. సర్కారు శాఖ ఏదైనా సాఫ్ట్‌వేర్ చేయించుకోవాలనుకుంటే టెండరు పత్రం రాయడానికి, వచ్చిన కంపెనీలను బేరీజు వేయడానికి, పని సాగుతోందో లేదో చూడడానికి మాలాంటి కన్సల్టెంట్లను పెట్టుకుంటుంది. ఆ బృందాన్ని పీఎంయూ అంటారు. సచివాలయంలో ఏదో ఒక మూల గదిలో నాలుగు ల్యాప్‌టాప్‌లు, ఒక ప్రింటరు, గోడమీద ఎప్పటికప్పుడు జరిగిపోయే తేదీల చార్టు కనిపిస్తే అది మేమే.

మా రంగంలో తరచూ వినిపించే మాట ఐటీ గవర్నెన్స్ ఫ్రేమ్‌వర్క్. పేరు వినగానే ఆవలింత వస్తుంది, నిజమే. విషయం మాత్రం సామాన్యమైనదే. కంప్యూటర్ల మీద పెట్టే డబ్బుకు ఎవరు జవాబుదారీ, ఎవరు ఏది నిర్ణయించాలి, ఏ రుజువు చూసి నిర్ణయించాలి అన్నది పని మొదలవకముందే రాసిపెట్టుకోవడం. వీటిలో బాగా వాడుకలో ఉన్నది కోబిట్. ఇసాకా అనే ఆడిటర్ల సంఘం 1996లో మొదటిసారి విడుదల చేసింది. కోబిట్ 2019 అనే ఇప్పటి రూపంలో 40 లక్ష్యాలున్నాయి. వాటిలో ఐదు మాత్రమే పాలకులవి. అంటే పైన కూర్చున్నవాళ్లు పరిస్థితిని అంచనా వేయాలి, దిశ చెప్పాలి, గమనిస్తూ ఉండాలి. మిగతా 35 నిర్వాహకులవి. ఐఎస్‌ఓ 38500 అనే మరో ప్రమాణం 2008లో వచ్చింది. అప్పటి రూపం ఇంకా పొట్టిది, ఆరు సూత్రాలు. మొదటిది బాధ్యత, చివరిది మనుషుల ప్రవర్తన. కంప్యూటర్ల ప్రమాణంలో మనుషుల ప్రవర్తనకు చోటిచ్చినవాళ్లెవరో ప్రభుత్వాఫీసులు బాగా చూసినవాళ్లే అయి ఉండాలి.

ఇవన్నీ లేకపోతే ఏమవుతుంది? దీనికి జవాబుగా నేను కొత్తగా చేరిన పిల్లలకు చెప్పే కథ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రానిది.

ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖలో అప్పట్లో దాదాపు 78,000 మంది ఉద్యోగులు. డాక్టర్లు, నర్సులు, వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు అందరికీ రెండు వారాలకొకసారి జీతం. రాత్రి డ్యూటీ, ఆదివారం డ్యూటీ, ఓవర్‌టైమ్, రకరకాల వేతన ఒప్పందాలు కలిపి చూస్తే జీతం లెక్కకట్టే పద్ధతులు 24,000 పైచిలుకు తేలాయి. పాత సాఫ్ట్‌వేర్‌కు తయారీదారు మద్దతు ఆగిపోయే దశకు వచ్చింది. 2007 డిసెంబరులో ప్రభుత్వం ఐబీఎంను ప్రధాన కాంట్రాక్టరుగా పెట్టుకుంది. ఆరోగ్య శాఖ జీతాల భాగానికి మొదట రాసుకున్న ధర 62 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల లోపే. ప్రారంభ తేదీ మళ్లీ మళ్లీ వాయిదా పడింది. చివరికి 2010 మార్చి 14న కొత్త విధానం మొదలైంది. తొలి జీతం నుంచే గందరగోళం. కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ, కొందరికి అసలే లేదు. తర్వాత జీతాలు సరిగా పడాలంటే ప్రతి రెండు వారాలకూ వెయ్యిమందికి పైగా సిబ్బంది చేత్తో సరిదిద్దాల్సి వచ్చింది. నిర్వహణ, మరమ్మతులు కలుపుకుని మొత్తం ఖర్చు 120 కోట్ల డాలర్లకు చేరుతుందని లెక్కతేలింది.

దీనిపై విచారణ జరిపిన విశ్రాంత న్యాయమూర్తి రిచర్డ్ చెస్టర్‌మన్ కమిషన్ 2013లో నివేదిక ఇచ్చింది. దాన్ని చదివితే సాంకేతిక లోపాలకన్నా పాలనా లోపాలే కళ్లకు కడతాయి. ఐబీఎంతో ఒప్పందం చేసుకున్నది కార్ప్‌టెక్ అనే ఉమ్మడి సేవల విభాగం. జీతాలు ఇవ్వాల్సింది ఆరోగ్య శాఖ. మధ్యలో కమిటీల మీద కమిటీలు. ఫలానా అధికారి ఈ పనికి యజమాని అని వేలెత్తి చూపే మనిషి లేడు. ఏం కావాలో పూర్తిగా రాసుకోకుండానే కట్టడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఇది ఒప్పందంలో ఉందా లేదా అన్న వాదులాటలోనే కాలం గడిచింది.

నన్ను ఎక్కువగా ఆపిన ఘట్టం పరీక్షలది. వాడబోయేవాళ్లు కూర్చుని చూసే పరీక్షను మేం యూఏటీ అంటాం. తీవ్రమైన లోపాలు మిగిలి ఉండగా ఆ దశ దాటకూడదన్నది వాళ్లు రాసుకున్న నియమమే. లోపాలేమో తగ్గలేదు. అప్పుడేం చేశారంటే, తీవ్రమైన లోపం అన్న మాటకు నిర్వచనం మార్చారు. లోపాల స్థాయిని కిందికి దించి రాశారు. మిగిలినవాటికి తర్వాత చూసుకునే ప్రణాళిక ఒకటి జతచేశారు. పాత విధానాన్నీ కొత్త విధానాన్నీ పక్కపక్కన పూర్తిగా నడిపి జీతాలు పోల్చి చూడనేలేదు. జ్వరం తగ్గలేదని థర్మామీటరు మీద గీతలు జరిపినట్టు. పాత విధానం ఏ రోజైనా కూలిపోతుందన్న భయం అందరిలోనూ ఉంది. ఆ భయంలో, ఆపండి అనగలిగిన మనిషి ఒక్కరూ లేకపోయారు.

దీనికో తోక కథ ఉంది. 2010లోనే ప్రభుత్వం ఐబీఎంతో రాజీ పత్రం రాసుకుని, దావా వేసే హక్కు వదులుకుంది. తర్వాత వచ్చిన ప్రభుత్వం కోర్టుకెక్కితే, ఆ రాజీ చెల్లుతుందని 2015లో క్వీన్స్‌లాండ్ సుప్రీంకోర్టు ఐబీఎం పక్షాన తీర్పు చెప్పింది.

ఇంత జరిగాక ప్రపంచం నేర్చుకుందా అంటే, 2016లో కెనడా కేంద్ర ప్రభుత్వం అదే గోతిలో పడింది. దాని జీతాల విధానం పేరు ఫీనిక్స్. ఉద్యోగులు దాదాపు 2,90,000 మంది. బడ్జెట్ చాలదని తేలినప్పుడు డబ్బో గడువో పెంచకుండా, ఉండాల్సిన 984 పనుల్లో వందకు పైగా తీసేశారు లేదా వాయిదా వేశారు. ఒక శాఖలో ముందుగా నడిపి చూద్దామనుకున్న ప్రయోగాన్ని రద్దు చేశారు. తీవ్రమైన సమస్యలున్నాయన్న సంగతి శాఖాధిపతి వరకు చేరలేదు. ఆ దేశపు ఆడిటర్ జనరల్ 2018లో దీన్ని అర్థంకాని వైఫల్యంగా తేల్చారు. నాకైతే బాగానే అర్థమవుతుంది. కింద ఎర్రగా ఉన్న చార్టు ఒక్కో మెట్టూ ఎక్కేకొద్దీ పసుపుగా, ఆపైన పచ్చగా మారడం నేను చూశాను.

ఇక మన దగ్గరికి వద్దాం. ఒక శాఖలో జీతాల బిల్లుల సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను. పేరు అనవసరం. వెండర్ కంపెనీ కుర్రాళ్లు చురుకైనవాళ్లు. యూఏటీ రోజున ఐదుగురు ఉద్యోగుల నమూనా జీతాలు పెట్టి, పైసా తేడా లేకుండా చూపించారు. గదిలో అందరూ తలలూపుతున్నారు. బిల్లుల సెక్షన్ సూపరింటెండెంట్ మేడమ్ మాత్రం ఒక పాత ఫైళ్ల కట్ట తెచ్చుకుని వచ్చారు. "ఈయన సస్పెన్షన్‌లో ఉన్నాడు, సబ్సిస్టెన్స్ అలవెన్స్ వస్తుంది. వేసి చూపించు నాయనా" అన్నారు. రాలేదు. నెల మధ్యలో పద్దెనిమిదేళ్ల స్కేలు వచ్చిన ఆమెది వేయమన్నారు. రాలేదు. కోర్టు జప్తు ఉన్నతనిది, సగం జీతం సెలవులో ఉన్నామెది, నెల మధ్యలో చనిపోయినతనిది... మధ్యాహ్నం భోజనాల వేళకు గదిలో ఎవరూ తలూపడం లేదు.

మన రాష్ట్రాల్లో ఉద్యోగుల జీతం తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేం లేదు. పీఆర్సీ మారినప్పుడల్లా కొత్త ఫిక్సేషన్, 6, 12, 18, 24 ఏళ్ల స్కేళ్లు, ఎఫ్ఆర్ 22(బి), డీఏ బకాయిలు. క్వీన్స్‌లాండ్‌కు 24,000 పద్ధతులుంటే మనకేం తక్కువ లేవు. వాటిలో సగం సర్వీస్ రిజిస్టర్లలో ఉంటాయి, మిగతా సగం ఇలాంటి మేడమ్‌ల బుర్రల్లో ఉంటాయి. ఏం కావాలో ముందే పూర్తిగా రాబట్టమని కోబిట్‌లో బీఏఐ02 అనే లక్ష్యం చెబుతుంది. నా అనువాదంలో ఆ లక్ష్యమంటే, ఆ మేడమ్‌ను టెండరు పత్రం రాసే రోజే పిలవండి అని.

ఆ రోజు ఇబ్బంది అక్కడితో ఆగలేదు. ప్రారంభోత్సవానికి తేదీ అప్పటికే పైనుంచి వచ్చేసింది. యూఏటీ పత్రం మీద సంతకం పడితేనే వెండర్ బిల్లు కదులుతుంది, కాబట్టి ఆ వైపునుంచీ తొందర. అదృష్టవశాత్తూ మొదటి స్టీరింగ్ కమిటీలోనే ఒక పేజీ తీర్మానం చేయించి ఉన్నాం. రెండు నెలలు పాత బిల్లు, కొత్త బిల్లు రెండూ చేయాలి, తేడాలన్నింటికీ కారణం రాయాలి, వెళ్దామా ఆగుదామా అన్నది కమిషనర్ ఒక్కరే సంతకంతో తేల్చాలి అన్నవి అందులో ఉన్నాయి. మేం ఆ పేజీని, మిగిలిపోయిన లోపాల జాబితాను కలిపి నోట్‌ఫైల్లో పెట్టాం. కమిషనర్ గారు రెండుసార్లు చదివారు. "ఇది నేనే సంతకం పెట్టానా?" అన్నారు. అవును సార్ అన్నాం. తేదీ జరిగింది.

ఆ తీర్మానం అప్పటికప్పుడు రాయాల్సి వస్తే ఎవరూ రాసేవారు కాదు. ప్రారంభ తేదీ దగ్గరపడ్డాక నియమం పెట్టబోతే అది అడ్డుపుల్లలా కనిపిస్తుంది. ఎవరి మీదా కోపం లేని మొదటి వారంలో రాసుకుంటే అది అందరి నియమం అవుతుంది. ఫ్రేమ్‌వర్క్ వల్ల నాకు కనిపించిన అసలు లాభం ఇదే.

ఫ్రేమ్‌వర్కుల పేరిట జరిగే వ్యాపారం గురించీ చెప్పాలి. చిన్న జిల్లా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కు 40 లక్ష్యాలూ అంటగట్టి, నాలుగొందల పేజీల మాన్యువల్ అమ్మేవాళ్లున్నారు. ఎవరు బాధ్యులు, ఎవరిని సంప్రదించాలి అని రాసే ర్యాసీ పట్టికలో ప్రతి గడిలోనూ ప్రతి ఒక్కరినీ నింపేస్తారు. నలుగురు బాధ్యులంటే ఎవరూ కారనే అర్థం. బ్రిటన్‌లో పెద్ద ప్రభుత్వ ప్రాజెక్టు ప్రతిదానికీ సీనియర్ రెస్పాన్సిబుల్ ఓనర్ అని ఒకే ఒక్క అధికారిని పేరుతో సహా నియమిస్తారు. 2001 నుంచి గేట్‌వే రివ్యూ అనే పద్ధతీ ఉంది. ఆ ప్రాజెక్టుతో సంబంధం లేని అనుభవజ్ఞులు ప్రతి దశ దగ్గరా వచ్చి చూసి, ముందుకెళ్లచ్చో లేదో ఆ ఓనర్‌కు నేరుగా చెబుతారు. మనకు ఈ రెండూ అత్యవసరమని నా అభిప్రాయం. ముఖ్యంగా రెండోది, ఎందుకంటే మన దగ్గర టెండరు రాసిన కన్సల్టెంటే తర్వాత పర్యవేక్షిస్తాడు, చివర్లో అంతా బాగుందని కాగితమూ ఇస్తాడు. పథకం తయారుచేసిన కన్సల్టెంటు దాన్ని అమలుచేసే పనికి పోటీ పడకూడదన్న నియమం కేంద్ర ఆర్థిక శాఖ 2017 కన్సల్టెన్సీ మాన్యువల్‌లో ఉంది. తన పనికి తానే మార్కులు వేసుకోవడం మీద కూడా అంతే పట్టుదల ఉండాలి. నా తిండి మీద నేనే మన్ను పోసుకుంటున్నానని మా ఆఫీసులో అంటారు, అననివ్వండి.

బదిలీల సంగతి మరొకటి. స్టీరింగ్ కమిటీ అధ్యక్షుడు మారితే పాత నిర్ణయాలన్నీ గాల్లో కలిసిపోతాయి. రివ్యూ మీటింగులో నోటిమాటగా, వాట్సాప్‌లో ఒక వాక్యంగా వచ్చే మార్పులు మరీ ప్రమాదం. ఆర్నెల్ల తర్వాత ఎవరు చెప్పారో ఎవరికీ గుర్తుండదు, వెండర్ పంపే అదనపు బిల్లుకు తప్ప. అందుకే ఏ మార్పైనా ఒక రిజిస్టరులో తేదీ, కారణం, ఖర్చు, సంతకంతో ఎక్కాలంటాను. సర్కారు ఆఫీసులకు రిజిస్టర్లు కొత్తేమీ కాదు, ఉన్న అలవాటును ఇటు తిప్పితే చాలు.

ఇది చదివేవాళ్లలో ప్రభుత్వ ఉద్యోగులు చాలామందే ఉంటారు. మీ ఆఫీసుకు కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోందని, పరీక్షకు రమ్మని కబురొస్తే, తీరిక లేదని జూనియర్‌ను పంపి ఊరుకోకండి. మీ బీరువాలో ఉన్న తిరకాసు ఫైళ్లన్నీ పట్టుకుని మీరే వెళ్లండి. సంతకం పెట్టమంటే ముందు మిగిలిన లోపాల జాబితా అడగండి, అది మినిట్స్‌కు జతయ్యాకే పెన్ను తీయండి.