అనుపానం – విరుద్ధాహారం: క్రీడాకారుల అనుబంధ పోషకాల కలయికపై ఒక పరిశీలన

కీలకపదాలు: అనుపానం, విరుద్ధాహారం, అనుబంధ పోషకాలు, కెఫీన్, నిషిద్ధ ఉత్ప్రేరకాలు.

1. ప్రవేశిక:

ముదినేపల్లి, కైకలూరు ప్రాంతాల్లో చేపలకూర తిన్న పూట పాలు తాగకూడదన్న కట్టడి నేటికీ వినబడుతుంది. చరకసంహిత సూత్రస్థానం ఈ జతను విరుద్ధాహారాల్లో చేర్చింది. ఆధునిక పోషణశాస్త్రం ఈ నిషేధాన్ని సమర్థించదు. అయినా దాని వెనుకనున్న ప్రశ్న విలువైనది: ఒక పదార్థం మంచిదా, కాదా అని గాక, దేనితో కలిస్తే మంచిదని అడగడం. మందుతో పాటు పుచ్చుకొనే తేనె, పాలు, నెయ్యి మొదలైనవాటిని వైద్యగ్రంథాలు ‘అనుపానం’ అన్నాయి. మూడు నాలుగు డబ్బాల పొడులను ఒకేసారి వాడే మన కళాశాల క్రీడాకారులకు కొరవడినది ఈ ఎరుకే.

2. కలయిక పనిచేసే తీరు:

శాకాహారంలోని ఇనుమును శరీరం గ్రహించడానికి విటమిన్ సి తోడ్పడుతుంది. టీలోని పాలీఫినాల్స్, కాల్షియం అడ్డుపడతాయి. కాబట్టి ఇనుము మాత్రకు నిమ్మరసం తగిన అనుపానం, టీ విరుద్ధం. (రక్తపరీక్షలో లోపం తేలకుండా ఆ మాత్ర జోలికి పోరాదన్నది వేరే సంగతి.) చేపల్లో, మాంసంలో సహజంగా ఉండే క్రియాటిన్‌ను రోజుకు 3–5 గ్రాములు వాడతారు, అన్నం వంటి పిండిపదార్థాలతో తీసుకొంటే కండరాలకు కొంత మెరుగ్గా చేరుతుంది.

కెఫీన్ విషయమే చిక్కు. పరిశోధనల్లో ఫలితమిచ్చిన మోతాదు శరీరబరువు కిలోకు 3–6 మి.గ్రా.; అంటే 60 కిలోల యువకుడికి 180–360 మి.గ్రా. వ్యాయామానికి ముందు తాగే పొడిలోనూ, కొవ్వు కరిగిస్తుందనే మాత్రలోనూ, శక్తిపానీయంలోనూ ఇదే ఉండవచ్చు. పేర్లు మూడు, పదార్థం ఒకటే. విడివిడిగా హద్దులోనే ఉన్నా, మొత్తం కలిసి గుండెదడకూ నిద్రలేమికీ దారితీస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, కండలు పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దనే సూచించింది.

3. తెలియకపోవడం వల్ల తప్పని శిక్ష:

2010లో కామన్‌వెల్త్, ఆసియా క్రీడల 4×400 మీటర్ల రిలేలో స్వర్ణం గెలిచిన భారత జట్టులోని అశ్వినీ అక్కుంజి, సినీ జోస్, మన్‌దీప్ కౌర్ 2011 పరీక్షల్లో నిషిద్ధ స్టెరాయిడ్ వాడినట్లు తేలారు. కోచ్ చైనాలో కొని ఇచ్చిన జిన్‌సెంగ్ ద్వారా అది తమ ఒంట్లో చేరిందన్నది వారి వాదన. మన దేశపు విచారణ మండలి ఏడాది నిషేధంతో సరిపెట్టింది. క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2012లో దాన్ని రెండేళ్లకు పెంచింది. లండన్ ఒలింపిక్స్ వారికి అందలేదు. ఒంట్లోకి చేరిన ప్రతి పదార్థానికీ క్రీడాకారుడే బాధ్యుడన్నది డోపింగ్ నియమం. డబ్బాల సంఖ్య పెరిగేకొద్దీ ఆ ప్రమాదమూ పెరుగుతుంది.

ఇక్కడ తెలుగు అధ్యాపకుల పని కూడా కొంత ఉందని నా అభిప్రాయం. చీటీపై ఉండే ‘ప్రొప్రైటరీ బ్లెండ్’ను మన విద్యార్థులు ఏదో గొప్ప తయారీగా చదువుకొంటున్నారు. దానికి ‘పాళ్లు చెప్పని మిశ్రమం’ అన్నది సరైన తెలుగు.