టీవీ చర్చలు – ఓటరు విచక్షణ



ఎన్నికలు వచ్చాయంటే టీవీలో పార్టీల వాదోపవాదాలు మొదలవుతాయి. అవి మన ఓటుకు ఏపాటి సాయం చేస్తాయో కాసేపు ఆలోచిద్దాం.

1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్, శాసనసభ్యత్వం కోసం మన గుడియాత్తం ఉప ఎన్నికలో నిలిచి గెలిచారు. అప్పటికి దేశంలో టీవీయే లేదు. నాయకుణ్ణి చూడాలన్నా, ఆయన మాట వినాలన్నా బహిరంగ సభకు వెళ్ళవలసిందే.

అమెరికా అధ్యక్ష పదవి అభ్యర్థులు టీవీలో ముఖాముఖి వాదించుకోవడం 1960 సెప్టెంబరు 26న మొదలైంది. కెన్నెడీ, నిక్సన్‌ల ఆ చర్చను సుమారు 7 కోట్ల మంది చూశారని అంచనా. చూసినవారికి కెన్నెడీ, రేడియోలో విన్నవారికి నిక్సన్ మెరుగ్గా తోచారని చాలాకాలం చెప్పుకున్నారు. దానికి ఆధారాలు బలంగా లేవని తర్వాత కొందరు పరిశోధకులు తేల్చారు. అయినా ఆ మాటలో ఒక హెచ్చరిక ఉంది: మనిషి తీరు చూసి, చెప్పిన సంగతిని మరిచిపోకూడదు.

మన దేశంలో 1977 నుంచి గుర్తింపు పొందిన పార్టీలకు ఆకాశవాణి, దూరదర్శన్ ఉచితంగా సమయం ఇస్తున్నాయి. ప్రసంగపాఠం ముందుగా చూపాలి. మతాలను, వర్గాలను కించపరచకూడదు. ఎవరినీ పేరు పెట్టి విమర్శించకూడదు. పద్ధతి మర్యాదైనదే, కాని ఆ ప్రసంగాల్లో ఎదురు ప్రశ్న ఉండదు. ప్రైవేటు చానళ్ళలో ఎదురు ప్రశ్న ఉంటుంది, కాని తరచు ఒకరి మాట ఒకరు సాగనివ్వరు. పైగా అక్కడ మాట్లాడేది ఎక్కువగా పార్టీ ప్రతినిధి. మన ఓటు పడేది మన నియోజకవర్గం అభ్యర్థికి. పాలారులో కలిసే తోళ్ళ పరిశ్రమ మురుగు, గుడియాత్తం నేతగాళ్ళ కూలి, మన పిల్లల తెలుగు చదువు గురించి ఆయన ఏమంటారో మనమే అడిగి తెలుసుకోవాలి.

అడిగేవారు లేనిచోట నోటుదే పైచేయి అవుతుంది. 2019 ఏప్రిల్‌లో పెద్ద మొత్తంలో నగదు పట్టుబడిన దరిమిలా, ఎన్నికల సంఘం సిఫారసుపై రాష్ట్రపతి వేలూరు లోక్‌సభ ఎన్నికను రద్దు చేశారు. ఆగస్టు 5న మళ్ళీ పోలింగ్ జరిగింది. గెలిచినవారికి వచ్చిన ఆధిక్యం 8,141 ఓట్లు. నియోజకవర్గంలోని ఆరు శాసనసభ స్థానాలకు పంచి చూస్తే, ఒక్కోదానికి సుమారు 1,357. నాలుగు వీధులవారు మనసు మార్చుకుంటే ఫలితమే మారిపోయేదన్నమాట.

కాబట్టి చర్చ చూసేటప్పుడు మూడు సంగతులు గమనించండి. అడిగినదానికే జవాబు చెప్పారా? చేస్తామన్న పనికి డబ్బు ఎక్కడిదో చెప్పారా? పోయినసారి ఇచ్చిన మాట ఏమైంది? అభ్యర్థి మీ వీధికి వచ్చినప్పుడు ఇవే ప్రశ్నలు ఆయన్నీ అడగండి. తమిళంలో అడిగినా, తెలుగులో అడిగినా ప్రశ్న ప్రశ్నే.

పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు టీవీలో ఎన్నికల ప్రచారాన్ని చట్టం నిషేధించింది. విన్నదాన్ని ఇంట్లోవాళ్ళతో చర్చించి, నింపాదిగా తూచుకోవడానికి ఆ రెండు రోజులు వాడుకోండి.