ఇంట్లో బీమా ఎవరి మీద ఉన్నది?

దింపు తీసిన రోజున ఎన్ని కాయలు దిగినవో, వర్తకుడు ఎంత కట్టాడో మీరు నోటి లెక్కగా చెప్పగలరు. ఇంట్లో బీమా ఎవరి మీద ఉన్నది, ఆ సొమ్ము ఎవరి చేతికి వస్తుంది అని అడిగితే మాత్రం “ఏదో కడుతున్నామండీ” అంటారు. ఆ ఏదో ఏమిటో ఈ పూట చూద్దాము.

పెట్టెలోని కాగితాలన్నీ చాప మీద పరచండి. జీవిత బీమా సంస్థ బాండ్లు, 1995 నుంచి పోస్టాఫీసులో ఉన్న గ్రామీణ తపాలా జీవిత బీమా కాగితాలు, బ్యాంకు పాసుబుక్కులు. పాసుబుక్కును తేలిగ్గా చూడకండి. 2015లో వచ్చిన ప్రధానమంత్రి జీవన్ జ్యోతికి ఏటా 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు మీరు ఒప్పుకొన్న ఖాతాలోనుంచి బ్యాంకువారే తీసుకుంటారు. మొదటిదానిలో 50 ఏళ్ల లోపు చేరవలెను. ఏ కారణంచేత చనిపోయినా 2 లక్షలు ఇస్తారు. రెండవది 70 ఏళ్ల వరకు, ప్రమాదంలో పోతే 2 లక్షలు. రెండు బ్యాంకుల్లో కట్టినా ముట్టేది ఒక్కదానికే.

మే నెలాఖరున ఖాతా ఖాళీగా ఉంటే బీమా ఆగిపోతుంది. మళ్లీ చేరవచ్చును గాని, జీవన్ జ్యోతిలో చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదం వల్ల తప్ప మరోలా మరణిస్తే సొమ్ము రాదు. కాబట్టి దాళ్వా ధాన్యం డబ్బు ఆలస్యమైనా సరే, ఆ 456 రూపాయలు కదపకండి.

ఇక నామినీ సంగతి. ఎక్కువ చిక్కు ఇక్కడే. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీలో తల్లి పేరుంటుంది. ఆమె గతించి ఏళ్లయినా మార్చరు. రేపు ఇల్లాలు పసిపిల్లలతో వారసత్వ పత్రం కోసం తిరగవలసి వస్తుంది. నామినీ మైనరైతే సొమ్ము అందుకొనే పెద్దవారి పేరు కూడా రాయించండి. ఆధార్‌లో ఒక పేరు, బాండులో మరొక పేరు ఉంటే ఇప్పుడే దిద్దించుకోండి. ఇవన్నీ మనిషి బతికుండగా ఒక్క సంతకంతో అయ్యే పనులు.

మరొక మాట. యజమాని పేర మూడు పాలసీలు, ఇల్లాలి పేర ఒక్కటీ లేని ఇళ్లే ఎక్కువ. పాడీ ఆమెదే, కూలీ ఆమెదే, అవసరమైతే కువైటు వెళ్లేదీ ఆమే! ఎమిగ్రేషన్ క్లియరెన్సు అవసరమైన పాస్‌పోర్టు మీద వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా ఉన్నది. ప్రమాదంలో మరణిస్తే 10 లక్షలు. దాని నకలు ఇంటి దగ్గర ఉంచి మరీ బయలుదేరవలెను. మీ తోటలో చెట్లెక్కే మనిషికి కొబ్బరి అభివృద్ధి బోర్డువారి కేర సురక్ష ప్రమాద బీమా ఉన్నదేమో అడగండి. అది కూడా రైతు చూడవలసిన పనే అని నా అభిప్రాయం.

1986 ఆగస్టులోనూ, 2022 జూలైలోనూ గోదావరి లంకల్లో ఇళ్లలోకి వచ్చింది. కాగితాలను ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టండి. పాలసీ నంబర్లు రాసిన చీటీ ఒకటి ఏటిగట్టు అవతలి చుట్టాల ఇంట్లో ఉంచండి.