రోగి మంచం పక్కన లీకేజీ కరెంటు

ఆసుపత్రిలో ఒక మంచం దగ్గరి నుంచి మరో మంచం దగ్గరికి మోసుకుపోయి ప్లగ్గుకు తగిలించే సిరంజి పంపు, ఈసీజీ యంత్రం, సక్షన్ యంత్రం వంటి పరికరాలను ఇంట్లోని మిక్సీకీ ఇస్త్రీపెట్టెకీ సరిపోయే కొలతతో పరీక్షిస్తే చాలదు. ఆరోగ్యవంతుడికి పొడిచర్మమే రక్షణ: 50 సైకిళ్ల ఏసీ కరెంటు సుమారు 1 మిల్లీ ఆంపియరు చేతికి తగిలితే జిల్లుమని తెలుస్తుంది, 10 దాటితే కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదలలేని స్థితి రావచ్చు, 100 ప్రాంతంలో ఛాతీ గుండా పారితే గుండె లయ తప్పి ప్రాణమే పోవచ్చు. మత్తులో ఉన్న రోగి చెయ్యి వెనక్కి తీసుకోలేడు. అతని చర్మం మీద ఎలక్ట్రోడ్ల జెల్లు, సెలైన్ తడి ఉంటాయి. తాత్కాలిక పేస్‌మేకర్ తీగ నేరుగా గుండెను తాకుతున్నప్పుడైతే సుమారు 100 మైక్రో ఆంపియర్లు, అంటే పైన చెప్పిన ప్రాణాంతక మోతాదులో వెయ్యోవంతు కూడా ప్రమాదమే. ఒక చేత్తో పరికరాన్నీ మరో చేత్తో ఆ తీగనూ పట్టుకున్న నర్సు ద్వారా అంత కరెంటు రోగి గుండెకు చేరినా ఆమెకు ఏమీ తెలియదు.

ఆ కరెంటు పుట్టడానికి పరికరం చెడిపోనక్కరలేదు. ఫేజ్ తీగకూ లోహపు పెట్టెకూ మధ్యనున్న ఇన్సులేషన్ ఒక చిన్న కెపాసిటరులా పనిచేయడం వల్ల ఏసీ కరెంటు కొద్దికొద్దిగా పెట్టె మీదికి చేరుతూనే ఉంటుంది. లీకేజీ కరెంటు అనే ఈ ప్రవాహాన్ని ఎర్త్ తీగ నేలలోకి దించుతుంది. కాని ప్లగ్గు లోపల ఆ తీగ తెగినా పరికరం ఎప్పటిలాగే నడుస్తుంది కాబట్టి, కొలిచి చూస్తే తప్ప తెలిసే దారి లేదు.

ఈ లీకేజీ ఎంతవరకు ఉండవచ్చన్న హద్దులను ఐఈసీ 60601-1 అనే అంతర్జాతీయ ప్రమాణం నిర్ణయించింది. 1977లో తొలిసారి వెలువడిన దీనికి భారతీయ రూపం ఐఎస్ 13450. గుండెను నేరుగా తాకే సీఎఫ్ రకం పరికరం నుంచి రోగికి చేరే ఏసీ లీకేజీ మామూలుగా 10 మైక్రో ఆంపియర్లు, ఎర్త్ తెగడం వంటి ఒక లోపం ఉన్నప్పుడు 50 మించరాదు. గుండెను నేరుగా తాకని బీ, బీఎఫ్ రకాలకు ఈ హద్దులు 100, 500. చతురస్రంలో గుండె బొమ్మ సీఎఫ్ గుర్తు.

వాడుకలో ఉన్న పరికరాల పరీక్షకు 2007లో వచ్చిన ఐఈసీ 62353 ప్రమాణం ఆధారం. ముందుగా తీగ, ప్లగ్గు, పెట్టె కళ్లతో చూడాలి. చాలా లోపాలు అక్కడే బయటపడతాయి గనుక దీన్ని తూతూమంత్రంగా చేయడం తగదు. తర్వాత కనీసం 200 మిల్లీ ఆంపియర్లు పంపి, తీగను అటూఇటూ వంచుతూ ఎర్త్ నిరోధం కొలుస్తారు. తీగతో కలిపి అది 0.3 ఓమ్ దాటకూడదు. ఆపైన లీకేజీ కొలత.

1971లో అమెరికాలో వినియోగదారుల హక్కుల ఉద్యమకారుడు రాల్ఫ్ నాడర్ ఒక పత్రికా వ్యాసంలో ఆసుపత్రుల్లో ఏటా 1,200 మంది విద్యుదాఘాతంతో మరణిస్తున్నారని రాశాడు. ఆ సంఖ్యకు నిర్ధారణ దొరకలేదు, కాని ఆ కలవరం వల్లనే అక్కడి ఆసుపత్రులు ఇలాంటి పరీక్షలు చేసే బయోమెడికల్ ఇంజనీర్లను విరివిగా నియమించుకున్నాయన్నది మరవరానిది.

ఐసీయూలో ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు నాలుగు పరికరాలు తగిలిస్తే నాలుగింటి లీకేజీ ఒకే ఎర్త్ తీగ మీద పడుతుంది. అది తెగితే ఆ మొత్తం ఆ పెట్టెలన్నింటి మీదా కనిపిస్తుంది. అందువల్ల బోర్డును కూడా పరికరాలతో కలిపే పరీక్షించాలి. మరమ్మతు చేసిన ప్రతిసారీ మళ్లీ కొలవాలి; ‘పాస్’ అన్న స్టిక్కరుతో సరిపెట్టక అసలు అంకెనే రిజిస్టరులో రాయాలి. హద్దు లోపలే ఉన్నా ఏటేటా పెరుగుతున్న అంకె ఇన్సులేషన్ క్షీణిస్తోందని ముందుగానే చెబుతుంది.