చిన్న గాలిమర రెక్కలకు తగిన ద్రవ్యము: గంజాం తీరమును బట్టి పరిశీలనము

గాలిచే విద్యుత్తు పుట్టించు చిన్న యంత్రములను ఇంటియొద్దనే నిర్మించుకొను ఉత్సాహవంతులు పెక్కు దేశములందు కలరు. స్కాట్లండు తీరమందలి స్కోరైగ్ అను గ్రామమున హ్యూ పిగాట్ కొయ్యతో రెక్కలు చెక్కు విధానమును గ్రంథములలో వివరింపగా, అది పలు ఖండములకు వ్యాపించినది. యంత్రమున తక్కిన భాగములు పెక్కు బజారున దొరకును; రెక్కను మాత్రము స్వయముగా చేసికొనుట పరిపాటి. దానిని దేనితో చేయవలెనను ప్రశ్న బరంపురము, ఛత్రపురము, గోపాలపురము ప్రాంతములందు మిక్కిలి జాగ్రత్తతో విచారింపదగినది. ఏలయన, అచటి గాలి ఉప్పుతేమతో కూడినది. అచటి తీరము తుపానుల త్రోవలో నున్నది.

ముందుగా రెక్కపై పడు భారమును గ్రహింపవలెను. రెండు మీటర్ల వ్యాసముగల మూడు రెక్కల చక్రమును ఉదాహరణముగా తీసికొందము. సెకనుకు 10 మీటర్ల గాలిలో రెక్క కొన గాలికి ఆరు రెట్ల వేగమున, అనగా గంటకు 216 కిలోమీటర్ల వేగమున తిరుగును. 2013 అక్టోబరు 12న గోపాలపురము చెంత తీరము దాటిన ఫైలిన్ తుపానుగాలి వేగము గంటకు 200 కిలోమీటర్లకు పైబడినది. తుపాను లేని దినమునను రెక్క కొన అంతటి వేగముతోనే వానచినుకులను, ఇసుకరేణువులను ఎదుర్కొనుచుండు నన్నమాట. అప్పుడు చక్రము నిమిషమునకు ఇంచుమించు 570 చుట్లు తిరుగును. ఒక కిలో బరువుగల రెక్క ఆ వేగమున తన మొదటిభాగమును దాదాపు 150 కిలోల బలముతో వెలికి లాగును. రెక్క బరువు రెట్టింపైనచో ఈ లాగుడును రెట్టింపగును. కావున మిక్కిలి దృఢమైన ద్రవ్యమే మేలైనదను తలంపు సరికాదు. బరువునుబట్టి దృఢత్వము నెంచవలెను.

రెండవది అలసట. ప్రతి చుట్టునందును రెక్క తన బరువుచే ఒకమారు ఇటును, ఒకమారు అటును వంగజూచును. గంటకు ముప్పదినాలుగు వేల మారులు జరుగు ఈ వంపులు కొన్ని నెలలలోనే కోట్లకు చేరును. అమెరికాలో వెర్మాంటు రాష్ట్రమున 1941లో నిలిపిన స్మిత్-పుట్నం మహాయంత్రపు ఉక్కురెక్క 1945 మార్చి 26న మొదటికంట విరిగి ఎగిరిపోయెను. చిన్న యంత్రములకును ఇదే నీతి వర్తించును. ఇనుపరేకు ఉప్పుగాలికి తుప్పుపట్టును. తుప్పు గుంటలనుండియే పగుళ్లు మొదలగును. అల్యూమినియము తేలికయే గాని, స్వల్పమైన వంపులైనను కోట్లకొలది కలిగినచో దానియందు పగులు పుట్టును. ఆ పగులు కంటికి కనబడకయే పెరుగును.

నీటిగొట్టములకు వాడు పి.వి.సి.ని నిలువున కోసి రెక్కలు చేయుట సులభము, చౌక. అయినను దాని బిగువు టేకులో నాలుగవవంతు మాత్రమే. వేసవి యెండకు అది మెత్తబడును. ఏండ్ల తరబడి యెండ తగిలినచో పెళుసై, విరిగినపుడు ముక్కలుగా చెదరును. ఒక మీటరు వ్యాసమునకు లోబడిన ప్రదర్శనయంత్రములకే అది చాలును.

గాజునారను రెసినుతో అద్దిన రెక్క దృఢమైనది, ఉప్పుకు చెడనిది. దానికి అచ్చు కావలెను. పొరలమధ్య గాలిబుడగలు మిగులకుండ చేయు నేర్పును కావలెను. 1936లో గంజాం ఒడిశాలో చేరిన పిమ్మటను ఈ తీరమున తెలుగు మాటలాడు నోలియా మత్స్యకారులు నివసించుచునే యున్నారు. పూర్వము తేలికకొయ్య నేరి తెప్పలు కట్టిన ఈ తీరముల జాలరులు నేడు గాజునార పడవలు వాడుచున్నారు. పడవలను మరమ్మతుచేయు ఆ హస్తకౌశలము గాలిమర రెక్కకును ఉపయోగపడగలదు.

ఇక కొయ్య. వంపుల యలసటకు ఓర్చుట దీని ప్రధానగుణము. పైగా చక్కని నార గల కొయ్య విరుగుటకు ముందు చాలమారు చీలిక చూపి హెచ్చరించును. కాని ప్రతి కొయ్యయు తగదు. గుగ్గిలము ఘనమీటరునకు 850 కిలోలకు తక్కువగాని బరువైనది. సరుగుడు ఆరినకొలది మెలితిరిగి పగులును. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి మిక్కిలి మెత్తనిది. టేకు సుమారు 650 కిలోల బరువుగలదై తేమకు ఓర్చును. అయితే దానియందలి నూనె జిగురును సరిగా పట్టనీయదు. గుమ్మడిటేకు సుమారు 500 కిలోలది. ఆరినపిమ్మట ఆకారము మార్చుకొనదు, ఉలికి లొంగును. అందుచే రెండు మీటర్ల చక్రమునకు ఇదియే ఎక్కువ అనుకూలము.

మూడు రెక్కలును ఒకే దుంగనుండి తీయవలెను. ముడులును, చేవలేని పైపొరయు ఉండరాదు. నార మొదటినుండి కొనవరకు తెగకుండ సాగవలెను. నీడలో ఆరబెట్టిన చెక్కముక్కను వారమువారము తూచి, బరువు తగ్గుట ఆగిన పిమ్మటనే చెక్కుట మంచిది. చెక్కిన రెక్కలు బరువునందేగాక, బరువు నిలుచు చోటునందును సమానముగా నుండవలెను. లేనిచో చక్రము ఊగి స్తంభమును కదలించును. పిదప అవిసెనూనె గాని రంగు గాని పూసి, గాలిని చీల్చు అంచునకు గాజునారపట్టీ అంటింపవలెను. తేమ చొరకుండుటకు మరచీలల రంధ్రములకు లోపలను పూత పూయుట మరువరాదు.

ఫైలిన్ పిమ్మట గంజాం జిల్లాలో విద్యుత్తు అనేక దినములు నిలిచిపోయెను. అట్టి సమయమున దీపము వెలిగించుటకే చిన్న గాలిమర కావలసియుండును. కాని సెకనుకు 60 మీటర్ల గాలి 10 మీటర్ల గాలికంటె 36 రెట్లు ఒత్తిడి కలిగించును. దానికి తాళునట్లు ఇంటిరెక్కను చేయబూనుట వ్యర్థము. తుపాను హెచ్చరిక రాగానే స్తంభమును వంచి, రెక్కలను విప్పి ఇంట దాచవలెను. తేలికయై, ఇద్దరు మనుష్యులు దింపగలిగినదై, చెడినపుడు ఊరి వడ్రంగి తిరిగి చేయగలిగినదైన రెక్కయే ఈ తీరమునకు తగినది. దింపుటకు వీలులేని స్తంభముపై ఏ ద్రవ్యముతో చేసిన రెక్కయైనను ఇరుగుపొరుగువారికి అపాయకరమే.